ఎండ, నీడ, రాయి, బొరియ: సరీసృపాలు ఒంటివేడిని అదుపులో ఉంచుకునే తీరు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పొద్దున్నే ప్రహరీగోడ మీద ఎండ కాచుకునే తొండ మిట్టమధ్యాహ్నానికి ఎందుకు కనిపించకుండా పోతుంది, అసలు శీతరక్త జంతువు తన ఒంటివేడిని ఎలా నియంత్రించుకుంటుంది అన్నది మొదటిది. వేడి కోసం వెతుక్కునే జంతువులకు ఎండలు పెరిగితే మేలే కదా అన్నది రెండోది. మొదటిదానికి సరైన జవాబు దొరికితే రెండోదానికి దారి దానంతటదే తెరుచుకుంటుంది కాబట్టి మొదటిదాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

చుట్టూ ఉన్న గాలి వేడెక్కితే వేడెక్కి, చల్లబడితే చల్లబడే జంతువులే శీతరక్త జంతువులని బడిలో చదువుకున్నాం. రాత్రిపూట సన్నటి కొమ్మ మీద నిద్రపోతున్న తొండ విషయంలో ఈ మాట నిజమే. తెల్లవారుజామున గాలి ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది. కానీ పొద్దెక్కాక, అది మేలుకొని తిరుగుతున్నంతసేపూ ఆ నిర్వచనం దానికి పొసగదు. పెరూ దేశపు ఆండీస్ పర్వతాల మీద, 4000 మీటర్లకు పైబడిన ఎత్తులో, లియోలేమస్ అనే బల్లులు బతుకుతాయి. అక్కడ ఉదయం గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన మాత్రమే ఉన్న వేళ, నేలకు అతుక్కుని ఎండ కాచుకున్న బల్లి ఒంటివేడి 30 డిగ్రీల సెల్సియస్ దాటుతుందని ఆలివర్ పియర్సన్ 1954లో చూపించారు. అటు అమెరికా నైరుతి ఎడారుల్లో ఉండే డెజర్ట్ ఇగ్వానా అనే బల్లి 40 డిగ్రీల చుట్టుపక్కల ఒంటివేడితో మామూలుగా తిరుగుతుంది, తింటుంది, పరుగెడుతుంది. మనిషికైతే అది తీవ్రమైన జ్వరం. గాలి చల్లగా ఉన్నా ఒళ్లు వెచ్చగా ఉండగలదు, ఒళ్లు మన ఒంటికన్నా వేడిగానూ ఉండగలదు. కాబట్టి పరిసరాలు ఎటు లాగితే అటు పోయే జంతువులుగా వీటిని చూడడం సరికాదు.

మనకూ వాటికీ అసలు తేడా వేడి ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర ఉంది. పక్షులూ క్షీరదాలూ తిన్న తిండిలో చాలా భాగాన్ని ఒంట్లోనే ఖర్చుచేసి వేడి పుట్టిస్తాయి, పుట్టిన వేడి పోకుండా ఈకలు, వెంట్రుకలు, కొవ్వుపొర కప్పుకుని ఉంటాయి. సరీసృపాల ఒంట్లోనూ వేడి పుడుతుంది గానీ అది చాలా తక్కువ, పుట్టింది పుట్టినట్టే పొలుసుల చర్మం గుండా బయటికి పోతుంది. అందుకే అవి వేడిని ఎండ నుంచి, రాతి నుంచి, నేల నుంచి అరువు తెచ్చుకుంటాయి. ఇందులో పెద్ద లాభమే ఉంది. అంతే బరువున్న క్షీరదంతో పోలిస్తే సరీసృపానికి రోజుకు కావలసిన శక్తి దాదాపు పదో వంతు. కొండచిలువ ఒక్కసారి కడుపునిండా మింగి వారాల తరబడి తిండి ఊసెత్తకుండా ఉండగలగడానికి, తిండి దొరకని ఎడారుల్లో బల్లులు అన్ని రకాలుగా విస్తరించడానికి కారణం ఈ పొదుపే. నష్టం ఏమిటంటే, అరువు దొరికే చోటు దగ్గరలో లేకపోతే ఆ జంతువు చేయగలిగింది ఏమీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, రెండో ప్రశ్న దీనిమీదే ఆధారపడి ఉంది.

సరీసృపాలు ఒంటివేడిని నిజంగానే నియంత్రించుకుంటాయన్న అవగాహన స్థిరపడింది 1944లో. దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బల్లులనూ పాములనూ పట్టి చూసి, చురుగ్గా తిరుగుతున్న ఒక జాతి జంతువులన్నింటి ఒంటివేడీ ఇరుకైన హద్దుల మధ్యనే ఉంటుందని, ఎండలోకీ నీడలోకీ అటూ ఇటూ మారడం ద్వారానే అవి దాన్ని సాధిస్తున్నాయని ఆ ఏడాది ప్రచురించారు. ఎడారి జంతువు గనుక ఎంత ఎండనైనా తట్టుకుంటుందన్న పాత నమ్మకమూ ఆ కాలపు ప్రయోగాలతోనే పోయింది. నీడకు వెళ్లే దారి లేకుండా ఎండలో కట్టి ఉంచితే ఎడారి పాము కూడా నిమిషాల వ్యవధిలోనే చచ్చిపోతుంది.

మరి ఎప్పుడు నీడకు పోవాలో, ఎప్పుడు ఎండకు రావాలో దానికి ఎలా తెలుస్తుంది? మన మెదడులో ఉన్నట్టే వాటి మెదడులోనూ హైపోథలామస్ అనే భాగం ఉంది. ఒంటివేడిని కనిపెట్టి చూసేది అదే. ఆస్ట్రేలియాకు చెందిన నీలి నాలుక బల్లి మీద 1967లో ప్రచురితమైన ప్రయోగం దీన్ని చాలా స్పష్టంగా నిరూపించింది. ఒక చివర మండే వేడి, మరో చివర చలి ఉన్న పెట్టెలో పెడితే బల్లి అటూ ఇటూ తిరుగుతూ ఒంటివేడిని హద్దుల్లో నిలుపుకుంటుంది. హైపోథలామస్ దగ్గర సన్నటి గొట్టాలు అమర్చి మెదడులోని ఆ ఒక్క భాగాన్ని మాత్రమే వెచ్చబరిస్తే, ఒళ్లు ఇంకా తగినంత వేడెక్కకుండానే బల్లి వేడి వైపును వదిలి వెళ్లిపోయింది. అదే భాగాన్ని చల్లబరిస్తే ఒళ్లు మామూలుకన్నా ఎక్కువ కాగేదాకా అక్కడే ఉండిపోయింది. మన ఒంట్లో ఇదే యంత్రాంగం చెమట పట్టించి, వణుకు పుట్టించి పని నడిపిస్తుంది. సరీసృపంలో అది కాళ్లను కదిలిస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం, నియంత్రణ ఒకే అంకె దగ్గర జరగదు. ఇంట్లో ఫ్రిజ్ మోటారు ఒక ఉష్ణోగ్రత దగ్గర మొదలై మరో ఉష్ణోగ్రత దగ్గర ఆగినట్టే, బల్లి కూడా పై హద్దు తగిలినప్పుడు నీడకు, కింది హద్దు తగిలినప్పుడు ఎండకు కదులుతుంది. ఈ రెండింటి మధ్య కొన్ని డిగ్రీల ఎడం ఉంటుంది, ఆ ఎడంలోనే అది వేట, జత, కొట్లాట అన్నీ ముగించుకుంటుంది. ఎడం లేకపోతే క్షణానికోసారి చోటు మారడమే దాని బతుకైపోతుంది.

తొండ నడినెత్తిన, పొలుసు మధ్యలో, చిన్న చుక్క లాంటిది కనిపిస్తుంది. అది వెలుతురును గుర్తించే మూడో కన్ను. చాలా రకాల బల్లుల్లో ఉంటుంది, పాముల్లోనూ మొసళ్లలోనూ ఉండదు. 1950లలో స్టెబిన్స్, ఈకిన్ అనే శాస్త్రవేత్తలు అమెరికన్ బల్లుల్లో దీన్ని తొలగించి చూస్తే అవి ఎండలో ఉండే సమయం పెరిగింది. ఎండలో ఎంతసేపు గడిపామన్న లెక్కకు ఈ కన్ను తోడ్పడుతుందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఇప్పుడు మీ గోడ మీది తొండను చలికాలపు ఉదయం దూరం నుంచి, కదలకుండా గమనించండి. కొమ్మ దిగి మొదట తూర్పు ఎండ తగిలే వైపుకు చేరుతుంది. సూర్యుడికి తల చూపకుండా ఒంటి పక్కభాగాన్ని చూపుతుంది, అప్పుడు ఎక్కువ చర్మానికి కిరణాలు తగులుతాయి. పక్కటెముకలను విప్పార్చి ఒంటిని అప్పడంలా బల్లపరుపుగా చేస్తుంది. చర్మం ముదురు రంగుకు తిరుగుతుంది, ముదురు రంగు వేడిని త్వరగా పీల్చుకుంటుంది. రాయి అప్పటికే వెచ్చబడి ఉంటే పొట్టను దానికి ఆనిస్తుంది, ఇంకా చల్లగా ఉంటే కాళ్ల మీద లేచి ఎడంగా నిలబడుతుంది. కాసేపటికి రంగు తేలిక పడడం, తల ఎత్తడం, చీమ కనిపిస్తే ముందుకు దూకడం మొదలవుతాయి. పొద్దు ఇంకా పైకి వచ్చాక అదే తొండ ఒంటిని కుదించుకుని, మూతిని సూర్యుడి వైపు తిప్పి, అతి తక్కువ చర్మానికి ఎండ తగిలేలా నిలబడుతుంది. చివరికి ఆకుల నీడలోకి జరుగుతుంది. ఆ కాసేపట్లో గాలి ఉష్ణోగ్రత ఎంతో మారినా తొండ ఒంటివేడి మాత్రం తనకు కావలసిన హద్దుల మధ్యనే ఉంటుంది. ఊసరవెల్లి ఈ రంగు పనిని మరింత నేర్పుగా చేస్తుంది. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి ఊసరవెల్లి ఉదయాన సూర్యుడి వైపున్న పక్కను నల్లగానూ, రెండో పక్కను లేతగానూ ఉంచుకోగలదు.

చల్లగా ఉన్న తొండ దగ్గరికి వెళ్లినప్పుడు అది పారిపోకుండా నోరు తెరిచి బెదిరిస్తే ఆశ్చర్యపోకండి. చలిలో కండరాలు వేగంగా పనిచేయవు, పరుగెత్తి తప్పించుకోలేదు కాబట్టి నిలబడి ఎదిరించడమే దానికి మిగిలిన దారి. ఇలాంటి బల్లుల మీదే చేసిన పరిశీలనలో, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు పారిపోయే బల్లి చల్లగా ఉన్నప్పుడు ఎదురు తిరుగుతుందని 1982లో తేలింది. జీర్ణశక్తీ అంతే. చలిలో పాము కడుపులోని ఆహారం అరగక కుళ్లిపోయే ప్రమాదం ఉంది, అందుకే మింగిన వెంటనే చాలా పాములు మామూలుకన్నా వెచ్చని చోటు వెతుక్కుంటాయి, వెచ్చదనం దొరక్కపోతే కక్కేస్తాయి.

చోటు మారడంతోనే పని అయిపోదు, లోపల రక్తప్రసరణ కూడా సాయపడుతుంది. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ గలాపగోస్ దీవుల సముద్ర ఇగ్వానా. నల్లటి లావా రాళ్ల మీద 36 డిగ్రీల చుట్టూ ఒళ్లు కాచుకుని, చల్లటి సముద్రంలో మునిగి పాచి మేసే జంతువు అది. నీళ్లలో దాని ఒంటివేడి ఉన్నదానికన్నా దాదాపు 10 డిగ్రీల మేర తగ్గిపోతుంది. నీళ్లలో చల్లబడేటప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుని, చర్మానికి పోయే రక్తం తగ్గిపోతుంది, లోపలి వేడి అంత తొందరగా బయటికి పోదు. ఒడ్డుకు చేరి రాయి మీద బోర్లా పడుకోగానే గుండె వేగం పెరిగి, రక్తం చర్మం దగ్గరికి ఉరికి, అక్కడి వేడిని లోపలికి మోసుకుపోతుంది. బార్తొలొమ్యూ, లాసియెవ్‌స్కీ 1965లో కొలిచినప్పుడు ఈ ఇగ్వానా చల్లబడే వేగంకన్నా వేడెక్కే వేగం సుమారు రెండింతలు ఉంది. ఒకే చర్మం, ఒకే శరీరం, అయినా లోపలికి వచ్చే వేడికి దారి వెడల్పుగా, బయటికి పోయే వేడికి ఇరుకుగా చేసుకోగలిగింది. ఎండ మరీ ముదిరితే అదే ఇగ్వానా ముందుకాళ్ల మీద రొమ్ము పైకెత్తి, సూర్యుడికి ఎదురుగా నిలబడి, గాలి రొమ్ముకు తగిలేలా చూసుకుంటుంది.

ఎండ కాచుకోవడం అందరి దారీ కాదు. గోడ మీది బల్లి రాత్రి జంతువు, దానికి సూర్యుడితో నేరుగా పనిలేదు. పగలంతా ఎండకు కాగిన గోడ రాత్రి తొలిజాములో వదిలే వేడి దానికి చాలు. రాత్రివేళ తారురోడ్ల మీద పాములు కనిపించడానికీ, చక్రాల కింద పడి చనిపోవడానికీ ఆ రోడ్డు పట్టి ఉంచిన వేడి ఒక కారణం. శేషాచలం కొండల్లోని బంగారు బల్లి పగలంతా రాతి చీలికల్లో దాగి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. కొన్ని జంతువులు ఉష్ణోగ్రతను నియంత్రించే ప్రయత్నమే మానుకుంటాయి, అదీ తెలివైన పనే. ప్యూర్టో రీకోలోని ఒక అనోలిస్ బల్లి మీద రేమండ్ హ్యూయీ 1974లో ప్రచురించిన పరిశోధనలో, చెట్లు పలచగా ఉన్న బయలులో ఆ బల్లి శ్రద్ధగా ఎండ కాచుకుంటోంది, దట్టమైన అడవిలో అదే జాతి బల్లి గాలి ఎంత ఉంటే అంతకే సర్దుకుపోతోంది. అడవిలో ఎండ పొడ ఎక్కడో దూరంగా పడుతుంది. అక్కడికి వెళ్లడానికి అయ్యే శ్రమ, దారిలో పొంచి ఉన్న పక్షుల భయం, వదులుకునే వేట సమయం కలిపితే వచ్చే వెచ్చదనంకన్నా అయ్యే ఖర్చే ఎక్కువ.

ఇక్కడ పరిశోధకులు ఎదుర్కొన్న ఒక చిక్కు చెప్పాలి. బల్లిని పట్టుకుని ఉష్ణోగ్రత కొలిస్తే గాలికన్నా వెచ్చగా ఉంది, కాబట్టి అది నియంత్రించుకుంటోందని అనేయడం తేలిక. జేమ్స్ హీత్ 1964లో నీళ్లు నింపిన బీరు డబ్బాలను ఎండలో పెట్టి కొలిచి, వాటి ఉష్ణోగ్రతలూ బల్లుల లెక్కల్లాగే గాలికన్నా ఎక్కువగా వచ్చాయని చూపించారు. ప్రాణం లేని డబ్బాకు కూడా ఆ లెక్క వస్తుంటే, బల్లి నియంత్రించుకుంటోందని ఏ ఆధారంతో చెప్పగలం? ఆ ప్రశ్నకు సమాధానంగానే రాగితో బల్లి ఆకారాలు చేసి, అదే రంగు వేసి, లోపల ఉష్ణోగ్రత కొలిచే తీగ అమర్చి, ఎండలో, నీడలో, రాతికింద, కొమ్మమీద పెట్టే పద్ధతి వచ్చింది. ప్రాణం లేని బొమ్మ ఆ చోట్లలో ఎంత వేడెక్కుతుందో తెలిశాక, ప్రాణమున్న బల్లి తన ఇష్టంతో ఎంత తేడా తెచ్చిందో లెక్క తేలుతుంది. నేటికీ ఈ రంగంలో నమ్మదగిన కొలత అదే.

ఈ పద్ధతితో చేసిన పనుల్లో నాకు అన్నింటికన్నా నచ్చింది కాలిఫోర్నియాలోని ఈగిల్ సరస్సు దగ్గర గార్టర్ పాముల మీద హ్యూయీ బృందం 1989లో ప్రచురించినది. ఆ పాములు పగలు ఎక్కువ సేపు రాళ్ల కింద గడుపుతాయి. పలచటి రాయి మధ్యాహ్నానికి పెనంలా కాలి, రాత్రికి మంచులా చల్లబడుతుంది. బాగా మందమైన రాయి కింద రోజంతా ఒకే తీరుగా ఉంటుంది గానీ పాముకు కావలసినంత వెచ్చబడదు. 20 నుంచి 40 సెంటీమీటర్ల మందమున్న రాయి కింద మాత్రం, పాము అంచుకూ నడుమకూ మధ్య కాస్త జరుగుతూ ఉంటే చాలు, చాలాసేపు తనకు ఇష్టమైన 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండగలదు. అక్కడ అన్ని మందాల రాళ్లూ ఉన్నాయి, పాములు మాత్రం ఎక్కువగా ఈ మధ్యరకం రాళ్లనే ఎంచుకున్నాయి. బయటికి తల పెట్టకుండానే, ఏ గద్ద కంటా పడకుండానే, రాయి ఎంపికలోనే వాటి ఉష్ణోగ్రత నియంత్రణ సగానికి పైగా ముగిసింది.

చలిదేశాల్లో రాసిన పుస్తకాలు ఎండ కాచుకోవడం గురించే ఎక్కువ చెబుతాయి. మన ప్రాంతంలో, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా, అసలు సమస్య దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 44, 45 డిగ్రీలు నమోదయ్యే రోజున, ఎండ తగిలే రాయి అంతకన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. సరీసృపాలకు ప్రమాదం కూడా ఆ వైపే ఎక్కువ. తొండకు ఇష్టమైన ఒంటివేడి ముప్పై నాలుగైదు డిగ్రీల చుట్టూ ఉంటే, ప్రాణం తీసే వేడి దానికి పది డిగ్రీల లోపే ఉంటుంది. చలివైపు మాత్రం అంతకన్నా చాలా విశాలమైన చోటుంది. 2020 జనవరిలో ఫ్లోరిడాలో చలికి బిగుసుకుపోయిన ఇగ్వానాలు చెట్ల మీద నుంచి రాలిపడవచ్చని వాతావరణ శాఖ హెచ్చరించింది, రాలినవాటిలో చాలా వాటికి ఎండ తగలగానే మళ్లీ కదలిక వచ్చింది. వేడికి బిగుసుకున్న జంతువు మళ్లీ లేవదు. రోహిణి కార్తె మధ్యాహ్నం మీ తొండ కనిపించకపోవడానికి కారణం ఇదే. అది పొదల్లోపలి నీడలోనో, రాళ్ల సందులోనో ఉండి, సాయంత్రం పొద్దువాలాక మళ్లీ కాసేపు బయటికి వస్తుంది. ఉడుము బొరియలోకి పోతుంది, నాగుపాము పుట్టలోకో ఎలుక కన్నంలోకో దూరుతుంది. నేలకు అర మీటరు లోతున పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా దాదాపు ఉండదు, పైగా అక్కడ తేమ నిలుస్తుంది. నీడ కూడా దొరకనప్పుడు మిగిలింది నీటిని ఖర్చుపెట్టడమే. చక్వాలా అనే ఎడారి బల్లి నోరు తెరిచి రొప్పుతూ మెదడును ఒంటికన్నా చల్లగా ఉంచుకోగలదు. నీటికి కటకటలాడే చోట ఇది చాలా ఖరీదైన ఉపాయం, అందుకే చివరికి గానీ వాడదు. మంజీర అభయారణ్యంలో రాళ్ల మీద నోరు తెరుచుకుని పడుకునే మొసలిని చూసి, అది తలను చల్లబరుచుకుంటోందని చెబుతారు. కొంతవరకు నిజమే, కానీ మొసళ్లు వానలోనూ రాత్రిపూటా నోరు తెరుస్తాయి కాబట్టి కారణం అదొక్కటే అనలేం. మొసలికి నీరే పెద్ద ఆధారం. దానికి తోడు ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ వేడెక్కడమూ చల్లబడడమూ రెండూ నెమ్మదిస్తాయి, పెద్ద మొసలి ఒంటివేడి చిన్నదానికన్నా ఎంతో నిలకడగా ఉంటుంది.

సొంతంగా వేడి పుట్టించే సరీసృపాలు అసలే లేవా అంటే ఉన్నాయి, అందులో ఒకటి మన కొండచిలువే. గుడ్లు పెట్టిన ఆడ కొండచిలువ వాటిని చుట్టుకుని పడుకుని, చలి పెరిగినప్పుడు కండరాలను లయబద్ధంగా అదురుస్తూ వేడి పుట్టిస్తుంది. పాము గుడ్లను పొదుగుతూ వేడెక్కుతుందని లమార్-పికో అనే ఫ్రెంచి యాత్రికుడు 1830లలో చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. 1841లో వలెన్సియెన్ అనే జంతుశాస్త్రవేత్త పారిస్ జంతుశాలలో థర్మామీటరు పెట్టి కొలిచి ఔనన్నారు. 1966లో న్యూయార్క్ జంతుశాలలో మన దేశపు కొండచిలువ మీద హచిసన్ బృందం చేసిన పరిశీలనలో, గాలి చల్లబడేకొద్దీ అదురులు పెరగడం, ఆ అదురులతో పాము ఖర్చుచేసే ఆక్సిజన్ కూడా పెరగడం రెండూ నమోదయ్యాయి. తూర్పు కనుమల్లోనూ కనిపించే గిరినాగు మరో దారి ఎంచుకుంది. ఆడది రాలిన ఆకులను కుప్పగా చేర్చి అందులో గుడ్లు పెడుతుంది, కుళ్లే ఆకుల వేడి గుడ్లకు అందుతుంది. సముద్రంలో లెదర్‌బ్యాక్ తాబేలు భారీ శరీరంతో, కొవ్వుతో, రెక్కల్లాంటి కాళ్లలో పక్కపక్కనే ఎదురెదురుగా నడిచే రక్తనాళాలతో వేడిని దాచుకుంటుంది. 7.5 డిగ్రీల చల్లటి నీళ్లలో ఉంచిన తాబేలు ఒళ్లు 18 డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉందని 1972లో కొలిచారు. దక్షిణ అమెరికాకు చెందిన టెగూ బల్లి జతకట్టే కాలంలో రాత్రిపూట బొరియ ఉష్ణోగ్రతకన్నా 10 డిగ్రీల దాకా ఎక్కువ వేడిని నిలుపుకుంటుందని 2016లో తెలిసింది. ఉష్ణరక్తం, శీతరక్తం అని గీత గీసి రెండు గదుల్లో పెట్టడం కుదరదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జబ్బు చేసినప్పుడు బల్లి చేసే పని నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. డెజర్ట్ ఇగ్వానాకు బ్యాక్టీరియా ఎక్కించినప్పుడు అది వేడి చోట మామూలుకన్నా ఎక్కువసేపు గడిపి ఒంటివేడిని సుమారు 2 డిగ్రీలు పెంచుకుందని మాథ్యూ క్లూగర్ బృందం 1970ల మధ్యలో చూపించింది. మనకు లోపలి నుంచి వచ్చే జ్వరాన్ని అది నడిచివెళ్లి తెచ్చుకుంది. వెచ్చగా ఉంచిన రోగగ్రస్త బల్లులు ఎక్కువగా బతికాయి, చల్లగా ఉంచినవి ఎక్కువగా చనిపోయాయి. జ్వరం తగ్గించే మందు వల్ల ఒళ్లు వెచ్చబరుచుకోకుండా ఉండిపోయినవీ చనిపోయాయి. దీన్ని మనుషుల జ్వరాలకు నేరుగా అన్వయించకూడదు, కానీ వేడి చోటుకు చేరగలగడం ఈ జంతువుకు ప్రాణావసరం అనడానికి ఇది గట్టి ఆధారం.

ఇక రెండో ప్రశ్న. ఎండలు పెరిగితే వీటికి మేలు కాదు, కీడే ఎక్కువ. పైన చెప్పినదంతా చూస్తే కారణం మీకే తెలుస్తుంది. ఇష్టమైన వేడికీ ప్రాణం తీసే వేడికీ మధ్య దూరం తక్కువ, పగటి ఎండ పెరిగేకొద్దీ నీడలో దాగి ఉండాల్సిన గంటలు పెరుగుతాయి. నీడలో ఉన్నంతసేపూ తిండి లేదు. బారీ సినర్వో బృందం 2010లో ప్రచురించిన పరిశోధన మెక్సికోలో 200 చోట్ల ఉన్న 48 జాతుల స్కెలోపొరస్ బల్లులను మళ్లీ వెతికి, 1975 నుంచి అప్పటిదాకా ఆ చోట్లలో 12 శాతం ఖాళీ అయిపోయాయని తేల్చింది. అక్కడి బల్లులు ఎండకు మాడి చనిపోవడం ముఖ్య కారణం కాదు. గుడ్లు, పిల్లలు తయారుకావలసిన వసంతకాలంలో బయట తిరిగి మేత తెచ్చుకునే గంటలు చాలకపోవడమే కారణమని వారు వివరించారు. చలిదేశాల జంతువులకన్నా మనలాంటి ఉష్ణదేశాల జంతువులకు ఈ ఇబ్బంది ముందే వస్తుంది, ఎందుకంటే అవి ఇప్పటికే పై హద్దుకు దగ్గరగా బతుకుతున్నాయి.

అందువల్ల, నా అభిప్రాయంలో, సరీసృపాల విషయంలో గాలి ఉష్ణోగ్రతను మాత్రమే చూసి లెక్కలు వేయడం పెద్ద పొరపాటు. అవే 42 డిగ్రీల గాలిలో తుమ్మ, రేగు పొదలూ రాతి గుట్టలూ ఉన్న బీడులో ఉడుము, నక్షత్ర తాబేలు నెట్టుకొస్తాయి. పొదలు కొట్టి, గుట్ట తొలిచి, నేల చదును చేసిన చోట అదే గాలి వాటిని చంపుతుంది. మనకు చెమట గ్రంథులు చేసే పనిని వాటికి రాతి సందులూ పొదలూ చేస్తున్నాయి. వేసవిలో మొక్కలకు నీళ్లు పోసే చోట, కట్టెల మోపు కింద, మెట్ల సందులో పాములు ఎక్కువగా ఎదురవడం కూడా ఈ చల్లదనం వెతుకులాటలో భాగమే. అలాంటి చోట్ల చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడాలి.

పెద్దవి కనీసం చోటు మారగలవు, గుడ్లకు ఆ అవకాశం లేదు. తల్లి ఎంచుకున్న లోతు, నేల, నీడ మీదే వాటి ఉష్ణోగ్రత అంతా ఆధారపడి ఉంటుంది, చాలా జాతుల్లో పుట్టేది ఆడో మగో కూడా ఆ వేడే తేలుస్తుంది. మన మంచినీటి మొసలి గుడ్లను 28 నుంచి 31 డిగ్రీల మధ్య పొదిగిస్తే పుట్టినవన్నీ ఆడవేనని, 32.5 దగ్గర ఎక్కువగా మగవి పుట్టాయని మద్రాసు క్రొకడైల్ బ్యాంకులో 1980లలో చేసిన ప్రయోగాలు చెప్పాయి. సముద్ర తాబేళ్లలో ఇసుక వేడెక్కేకొద్దీ ఆడవి పెరుగుతాయి. ఆస్ట్రేలియా ఉత్తర గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో వేడి తీరాల్లో పుట్టిన ఆకుపచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో బయటపడింది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అందుకే వాటి గుడ్లను తరలించి హేచరీలో పాతిపెట్టేటప్పుడు, తల్లి తాబేలు తవ్వినంత లోతే తవ్వడమూ, ఇసుక ఉష్ణోగ్రతను రోజూ కొలవడమూ, అది మరీ పెరిగితే పైన వల కట్టి నీడ కల్పించడమూ మనుషులే చేయాలి.